అమావాస్య నాడు ఆడిన నలభై మగ్గాలు

2018 వేసవిలో ఎస్తేరు మొదటిసారి మా ఇంటి మెట్లెక్కింది. అప్పటికి నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. రిటైరవడానికి ఇంకో రెండేళ్లుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి కాఫీ తాగేసరికి మా వరండాలో నాలుగైదు జతల చెప్పులుండేవి. అవన్నీ పీహెచ్‌డీ చేసే పిల్లలవి. పిల్లలంటే మరీ పిల్లలేం కాదు, కొందరికి నా కంటే ముందే తల నెరిసింది. ఊళ్లు తిరిగి, జనాన్ని అడిగి, ఫారాలు నింపుకురావడం వాళ్లకు తెలుసు. ఆ ఫారాల్లోని అంకెల్ని కంప్యూటర్లో వేసి ఏం చేయాలో తెలియదు. అది నా పని. అటు జమ్మలమడుగు, ఇటు పులివెందుల దాకా నన్ను ‘లెక్కల సార్’ అనేవాళ్లు. లెక్కలు వేరు, స్టాటిస్టిక్స్ వేరు అని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి మానుకున్నాను.

ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే పోతుంది. ముందుగదిలో గరగరలాడే ఫ్యాను, ఆన్ చేస్తే పది నిమిషాలకు గానీ మేలుకోని కంప్యూటర్, చాప మీద చుట్టూ పరిచిన ఫారాలు. మా ఆవిడ ఉగ్గాని చేసి పెద్ద గిన్నెతో మధ్యలో పెట్టేది. ఒక చేత్తో మిరపకాయ బజ్జీ, ఇంకో చేత్తో మౌసు పట్టుకుని నేను వాళ్లను తిట్టేవాణ్ణి. వాళ్లు నవ్వేవాళ్లు. పులివెందుల వాళ్లు వస్తే అరటి గెల ఒకటి ఇంట్లో పడేది. వద్దంటే వినేవాళ్లు కాదు.

తిట్లు ఊరికే కాదు. చదువుకున్న వాళ్లు చేసే దొంగపనులు బయటివాళ్లకు తెలియవు గానీ, నా చాప మీద అన్నీ బయటపడేవి. ఒకాయన రెండొందల మంది రైతుల్ని కలిశానని ఫారాలు తెచ్చాడు. రెండొందలూ ఒకే పెన్ను, ఒకే దస్తూరి, ఒకే కాఫీ మరక. ఇంకొకాయన థీసిస్ చివరి అధ్యాయం ముందే రాసుకొచ్చి, దీనికి సరిపోయే టేబుళ్లు చేసిపెట్టండి సార్ అన్నాడు. తమకు నచ్చని అంకె కనిపిస్తే దానికి ‘అవుట్‌లయర్’ అని పేరు పెట్టి తీసేసేవాళ్లు లెక్కలేనంత మంది. అవుట్‌లయర్ అంటే మిగతా గుంపుకు దూరంగా పడిన అంకె. అది నిజంగా తప్పో, లేక అదే అసలు సంగతో చూడకుండా పీకేయడం పెద్ద తప్పు. అలాంటివి పట్టుకోవడంలో నాకు నేను పెద్ద పోలీసునని పేరు పెట్టుకున్నాను. పట్టుకున్నప్పుడల్లా లోపల కొంచెం గర్వంగా ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

ఎస్తేరుది జమ్మలమడుగు. వాళ్ల నాన్న మిషన్ బడిలో టీచరు చేసి రిటైరయ్యాడు. వాళ్ల తాతా అంతే. ఆ అమ్మాయి అప్పటికే ఐదేళ్ల పైగా చేనేత మీద పరిశోధన చేస్తోంది, ఇంటింటి సర్వే మిగిలిందని వచ్చింది. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గం ఇళ్లలో రోజుకు ఎన్ని గంటలు పని నడుస్తోంది, ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ తేడా ఏమిటి అన్నది ఆమె ప్రశ్న. ఆ మాట వినగానే నేను ఉగ్గాని గిన్నె ఆమె వైపు జరిపాను. ఎందుకంటే నేను మగ్గం ఇంట్లో పుట్టినవాణ్ణి.

మా నాయన గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నేల మీద నుంచి సగం మనిషే కనిపించేవాడు. అమ్మ పక్కన రాట్నం తిప్పి కండెలు చుట్టేది. మా వీధిలో ఏ ఇంటి ముందు నడిచినా టకటకమని పడుగులో అటూ ఇటూ పరుగెత్తే నాడె చప్పుడే. ఆ చప్పుడులోనే చదువుకున్నాను, ఆ చప్పుడులోనే నిద్రపోయాను. అది ఆగేది నెలకొక్క రోజు, అమావాస్య నాడు. ఆ రోజు మా వాళ్లెవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు. నాయన మగ్గాన్ని తుడిచి, ఊదొత్తి వెలిగించి, తలంటుకుని, మమ్మల్ని పెన్న ఇసుకలోకి తీసుకుపోయేవాడు. ఆదివారం సెలవనేది మాకు బడిలోనే తెలుసు, ఇంట్లో తెలియదు. ఉద్యోగం వచ్చాక నేను ఆ వీధి వదిలి కాలనీలో ఇల్లు కట్టుకున్నాను. నడిస్తే పదిహేను నిమిషాల దూరం. కానీ ఏళ్ల తరబడి నడవలేదు.

అందుకే ఎస్తేరు థీసిస్ నాకు సొంత పనిలా అనిపించింది. ప్రొద్దుటూరులో నలభై ఇళ్లు, జమ్మలమడుగులో నలభై ఇళ్లు ఎంచుకున్నాం. ఒక్కో ఇంటికి నాలుగు నెలలకు నాలుగు కాగితాలు. ఎడమ పక్క తారీఖులు, కుడి పక్క గళ్లు. ఆ రోజు మగ్గం ఎన్ని గంటలు ఆడిందో ఇంట్లో రాయొచ్చిన వాళ్లు రాయాలి. పదిహేను రోజులకొకసారి ఎస్తేరు వెళ్లి రాసుకుని రావాలి. ఆమెకు నేను ఒకటే మాట గట్టిగా చెప్పాను: “ఖాళీ వేరు, సున్నా వేరు. మగ్గం ఆడకపోతే సున్నా పెట్టమను. గడి ఖాళీగా వదిలితే దాన్ని మేం మిస్సింగ్ అంటాం. అంటే ఏం జరిగిందో తెలియదని అర్థం. సున్నా అంటే తెలిసి చెప్పినట్టు.” ఆమె ఈ మాటను ఎనభై ఇళ్లలోనూ చెప్పి వచ్చింది.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆమె పెన్‌డ్రైవ్ తెచ్చింది. మనిషి చిక్కిపోయింది. మధ్యలో పులివెందులలో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరానని, హాస్టల్లో ఉంటున్నానని చెప్పింది. జనవరి నెలాఖరుకు థీసిస్ ఇవ్వాలి. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. ఇస్తే మాత్రం ఒక కాలేజీలో పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. ఆరేళ్ల చదువు ఆ ఒక్క నెల మీద నిలబడి ఉంది.

నేను అలవాటు ప్రకారం ముందు డేటాను తారీఖుల వారీగా గ్రాఫ్ గీసి చూశాను. జమ్మలమడుగు గీత బాగానే ఉంది. ఎత్తుపల్లాలతో నడుస్తూ అమావాస్య వచ్చేసరికి నేలకు దిగుతోంది. ప్రొద్దుటూరు గీత కూడా మొదటి రెండు నెలలు అలాగే ఉంది. మూడో నెల నుంచి చూస్తే అమావాస్య నాడు నలభై మగ్గాలూ ఎనిమిది గంటలు ఆడాయి. దానికి బదులు ప్రతి ఏడో రోజుకూ నేలకు దిగుతున్నాయి. క్యాలెండర్ తీసి చూశాను. అన్నీ ఆదివారాలు.

నాకు ఒళ్లు మండిపోయింది. స్క్రీను ఆమె వైపు తిప్పాను.

“ఏందమ్మా ఇది? అమావాస్య నాడు ప్రొద్దుటూరు మగ్గాలు ఆడినాయా?”

“ఏమి సార్? అమావాస్యకేమి?”

“అమావాస్యకు మా వాళ్లు మగ్గం ఎక్కరు. ఈ నలభై ఇండ్లూ రెండు నెలల నుంచి ఆదివారం పూట చర్చికి పోతాండాయా? నాకు తెలీకుండా ఎప్పుడు కలిసినారు మీలో?”

వెటకారం ఎక్కువైందని నాకే తెలుస్తోంది. ఆమె మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. మా ఆవిడ తలుపు దాకా వచ్చి, లోపలి గాలి చూసి వెనక్కి వెళ్లిపోయింది.

“బస్సులో కూర్చోని రాసినా సార్,” అంది చివరికి. “శనివారం కాలేజీ అయినాక ముద్దనూరు మీద జమ్మలమడుగుకు వస్తా. పొద్దు గూకేలోపల ఆడి ఇండ్లు తిరుగుతా. ఆదివారం పొద్దున చర్చి, ఆ తర్వాత సండే స్కూల్ పిల్లోల్లు, ఇంట్లో పని. సోమవారం తెల్లారే బస్సు. ప్రొద్దుటూరుకు రావడానికి దినమే దొరకల్యా. వచ్చే వారం పోదాం, పై వారం పోదాం అనుకుంటానే రెండు నెలలు అయిపాయ. మొదటి రెండు నెలల సరాసరి చూసి, అటూ ఇటూ అర గంట మార్చి రాసినా.”

“ఆదివారం ఎందుకు తగ్గించినావు?”

“తెల్దు సార్. ఆదివారం వచ్చేసరికి చెయ్యి సున్నా పెట్టింది. మా ఇంట్లో అమావాస్య ఎప్పుడొస్తాదో ఎవురూ చూడరు. ఆ పొద్దు సెలవని నాకెట్ల తెలుస్తాది?”

మొదటి రెండు నెలల్లో ఆమె తెచ్చిన అసలు కాగితాల్లోనే ఆ సంగతి ఉంది. ఆమె సరాసరి చూసిందే గానీ రోజులు చూడలేదు. ఎవరి ఇంటి క్యాలెండరును బట్టి వాళ్లు అబద్ధమాడతారని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక్కడి దాకా అయితే నేను మంచి పోలీసునే. తర్వాత జరిగింది చెప్పడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే కోప్పడి పంపించేవాణ్ణేమో. పెన్‌డ్రైవ్ పీకి సంచిలో వేసుకుంటూ, “నాయన జనవరి కోసం దినాలు లెక్కబెట్టుకుంటాండాడు సార్. మా వీధిలో అందరికీ చెప్పుకున్యాడు, మా పాప డాక్టరేట్ అయితాదని,” అంది. నాకు జాలి వేసింది. జాలి ఒక్కటే అయితే క్షమించవచ్చు. దాని వెనక స్వార్థం ఉంది. మా నాయన గురించి, మా వీధి గురించి ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకం ఉండాలని నాకు ఆశ పుట్టింది. అది ఆగిపోతుందంటే ఓర్చుకోలేకపోయాను.

“కూర్చో,” అన్నాను. ఒక చీటీ మీద రెండు అమావాస్యల తారీఖులు రాసి, వాటి ఎదుట సున్నా పెట్టాను. కింద ఆదివారాల తారీఖులు రాసి, ఒక్కోదానికి ఎన్ని గంటలు వేయాలో రాశాను. అన్ని ఇళ్లకూ ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని, ఇంటింటికీ ఎలా మార్చాలో కూడా చెప్పాను. ముప్పై ఏళ్లు నేను నేర్చుకున్న విద్య అంతా ఆ చీటీ మీద పెట్టాను. ఇతరులు చేస్తే దొంగపని అనేవాణ్ణి, నేను చేసేటప్పుడు దానికి ‘డేటా క్లీనింగ్’ అని పేరు పెట్టుకున్నాను. మామూలుగా డేటా క్లీనింగ్ అంటే ఎనిమిది అని కొట్టబోయి ఎనభై ఎనిమిది కొట్టినవి సరిదిద్దడం.

ఆమె చీటీ చూసి, “చాలా సార్?” అంది.

చాలు అని ఊరుకుని ఉంటే అంతటితో అయిపోయేది. నాకు పనితనం ఎక్కువ. “చాలదు. ఆ రెండు నెలల్లో పట్టు సరిగా వచ్చిందో లేదో తెలీదు. పట్టు ఇచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్లు దాన్ని ఆపేసి ఉంటే మగ్గాలు ఎనిమిది గంటలు ఎట్లా ఆడతాయి? వైవాలో ఎవరైనా అడిగితే దొరికిపోతావు. రెండో శనివారం రా. ఇద్దరం పోయి ఒకటి రెండిండ్లలో అడిగి వద్దాం,” అన్నాను. అంటే మేం ఆ వీధికి బయల్దేరింది నిజం తెలుసుకోవడానికి కాదు. అబద్ధాన్ని నమ్మేలా చేయడానికి.

రెండో శనివారం పొద్దున పదింటికి ఇద్దరం నడుచుకుంటూ వెళ్లాం. చీటీ నా చొక్కా జేబులోనే ఉంది. వీధి మొదట్లో అడుగుపెట్టగానే నా నడక నెమ్మదించింది. ఒకప్పుడు పడుగులు చాచి గంజి పెట్టిన చోట ఇప్పుడు మోటారు సైకిళ్లు. కొన్ని ఇళ్ల వెనక నుంచి మరమగ్గాల రొద. ఆ రొద మధ్యలో ఎక్కడో ఒక ఇంట్లో చేతి నాడె చప్పుడు విడిగా వినిపించింది. వయసు మీద పడిందేమో, కళ్లు చెమ్మగిల్లాయి. ఎస్తేరుకు కనపడకుండా అద్దాలు తుడుచుకున్నాను.

జాబితాలో మొదటి ఇల్లు సుబ్బరాయుడిది. నా కంటే ఐదారేళ్లు పెద్ద. చిన్నప్పుడు మా ఇంట్లో పడుగు అతకడానికి వచ్చేవాడు. భార్య రామలక్షుమ్మ. ఇంట్లో కాగితాలు రాసేది ఆమేనని ఎస్తేరు చెప్పింది. గడపలో నిలబడి పిలిస్తే లోపలి నుంచి ఆమె వచ్చింది. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

“ఏమప్పా, ఇప్పుడొచ్చినావా?” అంది. ఆ పలకరింపులో ఏదో తేడాగా ఉంది. నాకు అర్థం కాలేదు. తర్వాత ఎస్తేరును చూసి, “రా పాపా. ఇంగ రావేమో అనుకున్యా. నీ కాగితాలు పెట్టినా చూడు,” అని లోపలికి వెళ్లింది.

ఎస్తేరు నా వైపు చూసింది. ఏ కాగితాలు? మూడో నెల, నాలుగో నెల కాగితాలు ఖాళీగా ఇచ్చి వెళ్లాక ఆమె మళ్లీ ఆ గడప తొక్కలేదు.

నేను గది చూశాను. గోడకు సుబ్బరాయుడి ఫోటో ఉంది. దానికి దండ ఉంది. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. పదిహేను నిమిషాల దూరంలో ఉండి నాకు ఈ సంగతి తెలియలేదు. ఆమె నన్ను అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది. సావు పలకరింపుకు నేను ఇప్పుడొచ్చానని ఆమె అనుకుంది.

“ఎప్పుడమ్మా?” అన్నాను.

“నాలుగు నెలలు అయిపాయ కదప్పా. ఆయాసమనె. కడపకు తీస్కపోయినాం. ఆడే పాయ.” ఆమె చేతిలో నాలుగు మడతలు పెట్టిన రెండు కాగితాలున్నాయి. ఎస్తేరుకు ఇచ్చింది. “సరిగా రాసినానో లేదో చూస్కో పాపా.”

ఎస్తేరు విప్పింది. నేనూ వంగి చూశాను. మూడో నెల మొదట్లో ఏడు, ఏడు, ఆరు. తర్వాత నాలుగు. అమావాస్యకు సున్నా. మళ్లీ మూడు, రెండు, ఒకటి. చివరి వారంలో సున్నాలు మొదలయ్యాయి. నాలుగో నెల కాగితం మొత్తం సున్నాలే. అన్నీ గుండ్రంగా, ఒక్క గడీ వదలకుండా, రోజూ వేర్వేరుగా పెట్టినవి. కొన్ని నీలం పెన్నుతో, కొన్ని నల్ల పెన్నుతో, ఒక నాలుగు రోజులవి పెన్సిలుతో. అలవాటు కొద్దీ లెక్కబెట్టాను. ముప్పై ఎనిమిది.

“అమ్మా,” అంది ఎస్తేరు, “ఆయన పోయినాక కూడా రాసినారా?”

“నువ్వే గదా చెప్తివి పాపా, మగ్గం ఆడకుంటే సున్నా పెట్టాల, ఖాళీ ఇడ్సొద్దు అని. ఆడలా. సున్నా పెట్టినా.” ఆమె మామూలుగా చెప్పింది. “ఎవురేమనుకున్యా పొద్దు గూకితే గుర్తొచ్చేది, ఆ పాప వస్తాది, రాయాలని. మా కోడలు నవ్వేది, రోజూ సున్నా పెట్టడానికి కాగితమెందుకని.”

నేను లేవాలని చూశాను. ఇక అక్కడ ఉండలేను అనిపించింది. ఎస్తేరు కదల్లేదు. సంచిలోంచి తను తయారుచేసిన పెద్ద షీటు తీసింది. దాని మీద ఇంటి నంబర్లు, తారీఖులు, గంటలు ఉన్నాయి. ఆమె ఏం చేయబోతోందో అర్థమై, “వద్దమ్మా,” అన్నాను. వినలేదు.

“అమ్మా, నేను రాలేదు. రాకుండానే మీ ఇంటి అంకెలు నేనే రాసేసినా. ఇదిగో, ఇది మీ మగ్గం,” అని వరస చూపించింది.

రామలక్షుమ్మ అంకెల మీద వేలు పెట్టి ఒక్కోటి జరుపుకుంటూ పోయింది. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి, అంకెలు బాగా తెలుసు. మూడో నెల చివరి వారంలోకి వచ్చేసరికి వేలు ఆగింది. ఎనిమిది. ఎనిమిదిన్నర. తొమ్మిది. ఆ వేలి మీద పట్టుదారం కోసిన గీతలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాయి.

“తొమ్మిది గంటలా,” అంది మెల్లగా. “ఒళ్లు బాగున్నెప్పుడు గూడా మా ఆయప్ప తొమ్మిది గంటలు నేసింది లేదు పాపా.”

తిట్టలేదు. మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగకుండా ఎలా వస్తాం? ఇద్దరం తాగి లేచాం.

వీధి చివరికి వచ్చాక ఎస్తేరు ఒక అరుగు మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది. నేను పక్కన నిలబడ్డాను. జేబులోంచి చీటీ తీసి చింపబోయాను.

“చించొద్దు సార్. నాకియ్యండి,” అంది. “నేను రాసిన దొంగ షీటుతో పాటు మా గైడుకు పంపిస్తా. మీ పేరు చెప్పను.”

“చీటీ నీ దస్తూరి కాదు గదమ్మా,” అన్నాను. “నా పేరు నేనే చెప్తాలే.”

ఆ తర్వాత ఆమె కాలేజీలో సెలవు పెట్టి నలభై ఇళ్లూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ జరిగింది చెప్పి, కాగితాలు అడిగింది. పదకొండు ఇళ్ల వాళ్లు రెండు నెలలూ రాసి ఉంచారు. మిగతా వాళ్లు ఆమె రాకపోయేసరికి ఆపేశారు. ఒకరిద్దరు గుమ్మంలోనే నిలబెట్టి గట్టిగా మాట్లాడారని చెప్పింది. పడాల్సిందే కదా సార్ అంది. ఇరవై తొమ్మిది ఇళ్ల అంకెలు ఆ రెండు నెలలకూ తీసేశాం. వాటి ఎదుట మిస్సింగ్ అని రాశాం.

కొత్త లెక్కలు వేస్తే రెండు ఊళ్ల మధ్య తేడా సిగ్నిఫికెంట్ కాలేదు. అంటే ఆ తేడా నిజమైనదో, ఊరికే అలా పడిందో చెప్పలేమని లెక్క తేల్చింది. దొంగ అంకెలతో అయితే ఎంతో అందంగా వచ్చేది. వాళ్ల గైడు కోస్తా వైపు మనిషి. ఫోనులో ఆమె మీద ఎగిరిపడ్డాడట. “నిన్నెవరడిగారు? ఇప్పుడిది రాసుకుని ఏం చేసుకుంటావు? నా పేరు కూడా పోతుంది కదా!” అన్నాడట. చీటీ సంగతి ఒప్పుకుంటూ నేను రాసిన ఉత్తరానికి ఆయన జవాబు ఇవ్వలేదు గానీ, దాన్ని తన దగ్గరే దాచుకోలేదు. మరుసటి ఏడాది నుంచి ఆ యూనివర్సిటీ పిల్లలు నా దగ్గరికి రావడం తగ్గింది. వరండాలో చెప్పులు ఒకటి రెండు జతలకు వచ్చాయి. మా ఆవిడ కొన్నాళ్లు అలవాటు మీద పెద్ద గిన్నెలోనే ఉగ్గాని కలిపేది. బాధపడలేదంటే అబద్ధం.

జనవరి దాటిపోయింది. ఆ పోస్టు వేరేవాళ్లకు వెళ్లింది. ఎస్తేరు నాన్న నాకు ఒకసారి ఫోన్ చేసి, “మా పాప చేసింది తప్పే సార్. కానీ చెప్పుకునింది గదా,” అన్నాడు. యూనివర్సిటీ వాళ్లు గట్టిగా మందలించి, ఆలస్యానికి అనుమతి ఇచ్చారు. ఏడాదిన్నర తర్వాత వైవా జరిగింది. పరీక్ష చేయడానికి వచ్చినాయన, “మీ ప్రొద్దుటూరు డేటాలో మూడో వంతు పైగా పోయింది. ఈ థీసిస్ బలహీనమైపోలేదా?” అని అడిగారట. “బలహీనమే సార్. ఉన్నది మాత్రం వాళ్లు రాసిందే,” అందట ఎస్తేరు. డిగ్రీ ఇచ్చారు. ఆమె ఇంకా పులివెందులలో గెస్ట్ లెక్చరర్‌గానే ఉంది. తన విద్యార్థులు సర్వేకు వెళ్తే ఇప్పుడు తనే వెంట వెళ్తుందట.

రిటైరయ్యాక నా దగ్గరికి ఎప్పుడో ఒకరు వస్తారు. డేటా చూడక ముందే అడుగుతాను, చివరిసారి ఆ ఇళ్లకు ఎప్పుడు వెళ్లావని. జవాబు తడబడితే తిట్టను. వెళ్లి రా, నేను ఎక్కడికీ పోను అంటాను. కుర్రవాళ్లు దొంగలు కావడానికి చెడ్డవాళ్లు కానక్కర్లేదు. వారంలో ఒక రోజు తక్కువైతే చాలు. వాళ్ల అబద్ధానికి మెరుగు పెట్టడానికి నాలాంటి అనుభవజ్ఞుడు ఒకడు పక్కన ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎస్తేరు పెట్టిన తప్పుడు అంకెలను ఎవరైనా పట్టుకోగలిగేవాళ్లు, నేను పట్టుకున్నట్టే. నేను దిద్దిన వాటిని ఎవరూ పట్టుకోలేకపోయేవాళ్లు. ఆమె లెక్కలో సుబ్బరాయుడికి పోయిన తర్వాత కనీసం ఆదివారాలైనా సెలవు ఉంది. నా చీటీ ప్రకారం చేసి ఉంటే ఆ మనిషి ఆదివారాలు కూడా మగ్గంలో కూర్చుని, ఒక్క అమావాస్యకు మాత్రం గుంటలోంచి లేచేవాడు.